అవ్వతో వచ్చిపోయే టాక్సీ

మా బొమ్మ కార్ల పట్టీలో మొదటి నంబరు నల్ల టాక్సీది. పైకప్పు పసుపు. వెనక తలుపు మీద వేలిగోరంత మేర రంగు లేచిపోయింది. నాయిన బీదర్ నుంచి తెచ్చినప్పుడే అట్లా ఉందని తమ్ముడు అనేవాడు. కాదు, వాడే గచ్చు మీద ఈడ్చి పోగొట్టాడని నేను అనేవాణ్ణి. ఆ తగువు తేలలేదు. ఇక తేలదు కూడా.

నాయిన నారాయణఖేడ్ గంజిలో, అంటే ధాన్యం మార్కెట్లో, దడ్వాయి. రైతులు తెచ్చిన కందులు, జొన్నలు, పెసలు తూకం వేసి, బస్తా మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టడం ఆయన పని. ఆయన తర్వాత ఆ పని నాకు వచ్చింది. నా బడి ఏడో తరగతిలోనే ఆగింది కాని లెక్క ఆగలేదు. మిగతా లెక్కంతా ఆ కాంటా దగ్గర నిలబడే నేర్చుకున్నాను. తమ్ముడు నాకంటే మూడేళ్లు చిన్న. బస్టాండు దగ్గర ఒక దర్జీ కింద పని నేర్చుకుని, తర్వాత సొంతంగా మిషను పెట్టుకున్నాడు. నాది బరువు, వాడిది కొలత.

పిల్లలుగా ఉన్నప్పుడు మా దగ్గర నాలుగైదు కార్లే ఉండేవి. మిగతావన్నీ మేము సంపాదన మొదలుపెట్టాక కొన్నవే. డెబ్బైల చివర, ఎనభైల మొదట్లో బీదర్ బజారులో, జహీరాబాద్‌లో, జాతర దుకాణాల్లో అరచేతిలో సగం ఉండే కార్లు దొరికేవి. పోతపోసినవి. చేతిలో పెట్టుకుంటే బరువు తెలియాలి. రేకువి, ప్లాస్టిక్‌వి మేము ముట్టలేదు. మీసాలు వచ్చిన ఇద్దరు మగవాళ్లు బొమ్మ కార్లు కొనడం ఊళ్లో దాగలేదు. నేను గంజిలో అడుగుపెట్టగానే హమాలీలు, దడ్వాయి, ఇయ్యాల ఎన్ని లారీలు దిగినయి, ఎన్ని టైర్లు పంచరైనయి అని అడిగేవాళ్లు. తమ్ముడి దుకాణంలోనైతే ప్యాంటు కుట్టడం ఆలస్యమైనవాళ్లు, నీ బస్సులల్ల దేంట్లనన్న ఎక్కించి పంపరాదు మా బట్టలు అనేవాళ్లు.

ప్రతి కారు అడుగునా అగ్గిపుల్ల కొనతో ఎర్ర రంగు నంబరు నేనే వేసేవాణ్ణి. పట్టీలో ఒక్కోదానికి ఒక్కో వరుస: నంబరు, రకం, రంగు, బరువు, కొన్న ఊరు, లోపాలు. బరువు కోసం కంసాలి దుకాణానికి తీసుకుపోయి చిన్న తాసులో వేయించేవాణ్ణి. గంజి కాంటాకు ఇవి ఆనవు. రకాల దగ్గర మాకు పొసగేది కాదు. జీపును కార్లలో వేయాలా, లారీలతో కలపాలా అని ఒక వానాకాలమంతా వాదించుకున్నాం. వెనక బరువు మోసేది ఏదైనా లారీయే అని వాడి మాట. అట్లయితే మన అవ్వ కూడా లారీయేనా, పొద్దున లేస్తే కట్టెల మోపు మోస్తుంది కదా అని నేనంటే, పొయ్యి దగ్గర కూర్చున్న అవ్వ, మా దిక్కు అమ్మను అట్లాగే అంటాం, నవ్వు ఆపుకోలేక దగ్గింది.

సంచులు వాడు కుట్టేవాడు. కత్తిరింపులో మిగిలిన గుడ్డముక్కలతో ప్రతి కారుకూ దాని కొలతకు సంచి, మూతికి నాడా, మీద దారంతో నంబరు. ఫైరింజను ఒక పంతులుగారి గళ్ల చొక్కా ముక్కలో ఉండేది. పాలవ్యాను పెళ్లికొడుకు ప్యాంటు ముక్కలో. చీకట్లో చెయ్యిపెట్టినా గుడ్డను బట్టి ఏది ఏదో వాడు చెప్పగలడు. సంచులన్నీ టీపొడి వచ్చే చెక్కపెట్టెలో పేర్చి, మధ్యమధ్యలో ఎండిన వేపాకు వేసేవాళ్లం. అయినా వానలు పడ్డప్పుడు కొన్నింటి అడుగున తెల్లటి బూజులాంటి పొడి లేచేది. తుడిస్తే పోయేది, మరుసటి ఏడు మళ్లీ వచ్చేది. శ్రావణంలో ఎండ కాసిన రోజు చూసి అన్నీ బయట పరిచి, తుడిచి, చక్రాల ఇరుసుల్లో కొబ్బరినూనె చుక్క వేసేవాణ్ణి. వాడు సంచులు ఉతికి, విడిన కుట్లు వేసేవాడు.

నాయిన పోయాక మూడేళ్లు కలిసే ఉన్నాం. ఆ తర్వాత వేరుపడ్డాం. మనూర్ దారిలో మాకున్న చేన్లో బోరు ఎండిపోయింది. రెండో బోరు వేద్దామని తమ్ముడు. చుట్టుపక్కల పడ్డ బోర్లు, వాటి లోతులు లెక్కవేసి వద్దన్నాను. నీళ్లు లెక్కకు వస్తయా అని వాడు. మాట ఆడవాళ్ల దాకా పోయింది, పొయ్యిలు రెండయ్యాయి, పెద్దమనుషులు వచ్చారు.

మా దిక్కు పంపకానికి ఒక పద్ధతుంది. పెద్దవాడు పాళ్లు పెట్టాలి, చిన్నవాడు ముందు ఎత్తుకోవాలి. పెట్టేవాడికి ఏ పాలు తనకు మిగులుతుందో తెలియదు కాబట్టి మోసం చేయలేడు. ఇంకోటి, ఉమ్మడిగా ఏదీ మిగలకూడదు. ఉమ్మడిగా ఒక చెంబు మిగిలినా దాని దగ్గరే మళ్లీ తగువు మొదలవుతుందని నమ్మకం. చేను అయింది, ఇల్లు అయింది, వాకిట్లో గోడకు గీత గీశారు. గిన్నెలు, గంపలు, గుమ్మిలో జొన్నలు కూడా అయినాయి. టీపెట్టె మాట ఎవరూ ఎత్తరనుకున్నాను. తమ్ముడి మామ ఎత్తాడు. పంపకం నడిపిస్తున్నది మాకు పెద్దనాయిన వరసయ్యే ముసలాయన. ఆయన పెట్టె మూత తీసి చూసి, ఇవి గూడ పాళ్లు పెట్టు కొడుకా అన్నాడు.

నేను తమ్ముడి దిక్కు చూశాను. వద్దు, ఇవి పంచేవి కావు అని వాడంటాడని చూశాను. వాడు నా దిక్కు చూశాడు. పాళ్లు పెట్టేవాణ్ణి నేను కాబట్టి నేనే అంటానని వాడు చూశాడేమో. ఇద్దరం అనలేదు. పది మంది కూర్చున్నారు, పొద్దు పోతోంది.

పాళ్లు పెట్టాలంటే సమానంగా పెట్టాలి. కంసాలి దగ్గర తాసు తెప్పించాను. బస్సుకు ఎదురు బస్సు, జీపుకు ఎదురు జీపు పెట్టి, ముల్లు నిలిచేదాకా అటువి ఇటు మార్చాను. అందరూ చూస్తున్నారు. తమ్ముడు మాత్రం నేల చూస్తూ అడిగాడు.

"ఏందన్నా, వీటిని గూడ తూకమేస్తున్నవా?"

"బరాబర్ ఉండొద్దా మరి?"

"ఉండాలె. నువ్వు తూకమేస్తె ఎట్ల తప్పుతది."

లేచి, తనకు దగ్గరగా ఉన్న కుప్పను చూడకుండా ఎత్తి తువ్వాలలో పోసుకున్నాడు. పాళ్లు ఇప్పటికీ బరాబరే అని నా లెక్క. వాడు వేరే కుప్ప ఎత్తుకున్నా నాకు అంతే మిగిలేది.

మొత్తం అరవైమూడు. చెరి ముప్పై ఒకటి పోగా టాక్సీ ఒక్కటి మిగిలింది. ముసలాయన దాన్ని వేలితో అటూ ఇటూ నడిపి అన్నాడు: "ఒంటియి రెండే మిగిలినయి. ఒకటి మీ అవ్వ, ఒకటి గీ టాక్సీ."

అందరూ నవ్వారు. అవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత తనే చెయ్యి చాపి టాక్సీని తీసుకుంది. "నాతోటే పెట్టున్రి దీన్ని. నేను యాడుంటే అది ఆడుంటది."

అట్లా తీర్పయింది. ఒక పున్నం నుంచి ఇంకో పున్నం దాకా అవ్వ ఒక ఇంట్లో, ఆ తర్వాత ఇంకో ఇంట్లో. వాకిట్లో గోడ లేచింది కాబట్టి మా తలుపులోంచి వీధిలోకి దిగి, పది అడుగులు నడిచి, వాడి తలుపులో ఎక్కాలి. చేతిసంచిలో రెండు చీరలు, తమలపాకుల డబ్బీ, తన చిన్న సంచిలో టాక్సీ.

మొదట్లో తమ్ముడూ నేనూ వీధిలో ఎదురుపడితే మాట్లాడుకునేవాళ్లం. వాడు తన వాటా చేన్లో బోరు వేయించాడు. నీళ్లు పడలేదు. అది విని, గంజిలో కాంటా దగ్గర, నేను ముందే లెక్క చెప్పిన కదా అన్నాను. అన్న మాట నిజం, లెక్కా నిజం. ఆ సాయంత్రానికే అది వాడి మిషను దాకా పోయింది. ఆ తర్వాత మాట లేదు.

అవ్వకు ఒక నియమం ఉండేది. ఆ ఇంటి ముచ్చట ఈ ఇంట్లో తేదు, ఈ ఇంటి ముచ్చట ఆ ఇంట్లో చెప్పదు. ఆమె పుట్టింట్లో, కల్హేర్ దిక్కు, వాళ్ల నాయనమ్మ ఇద్దరు కొడుకుల మధ్య మాటలు మోసిందట. చివరికి ఒక కొడుకు రెండోవాణ్ణి కొడవలితో కొట్టాడు. అవ్వ చిన్నపిల్లగా ఆ నెత్తురు కడిగింది. అందుకని వేరుపడ్డ రోజే మా ఇద్దరి ముందూ చెప్పింది: "ఆడి ముచ్చట నన్ను ఈడ అడగొద్దు. ఈడిది నేను ఆడ చెప్ప." నా భార్య మొదట్లో నెమ్మదిగా కూపీ లాగాలని చూసింది. ఏం వండుకున్నరత్తమ్మా అంటే, తిన్నా బిడ్డా అనేది. అంతే.

కాని టాక్సీ సంచికి ఆ నియమం లేదు. రెండు మూడు నెలలు తిరిగాక చూశాను, నాడా దగ్గర పీలికయిన చోట కొత్త దారంతో కుట్టు పడి వచ్చింది. వాడి కుట్టు నాకు తెలుసు, చిన్నగా, వంకర లేకుండా ఉంటుంది. పున్నానికి ముందు రోజు నేను టాక్సీ ఇరుసుల్లో నూనె చుక్క వేసి, తుడిచి పంపాను. ఆ తర్వాత అది అలవాటైంది. సంచి కుట్టు మీద కుట్టుతో వచ్చేది, టాక్సీ నూనెతో పోయేది. ఆ ముచ్చట మేము అవ్వను అడగలేదు, ఆమె చెప్పలేదు. వాడు కుడుతున్నాడంటే కోపం లేదని నేను లెక్క కట్టుకున్నాను.

పట్టీ నా దగ్గరే మిగిలింది. తెరిస్తే వరుసకొకటి పోయినట్టుండేది. రెండు ఉంది, మూడు లేదు, నాలుగు లేదు, ఐదు ఉంది. ఒకసారి తూకం పని మీద బీదర్ పోయినప్పుడు బజారులో ఏడో నంబరు బస్సు లాంటిదే కనబడింది. అది వాడి పాలులో పోయింది. కొన్నాను. అడుగున ఏడు అనే రాశాను. అప్పటినుంచి లేనివాటి కోసం వెతకడం మొదలుపెట్టాను. దుబాయి నుంచి వచ్చినవాళ్ల ఇళ్లలో పిల్లలు ఆడి వదిలేసినవి అడిగి తెచ్చుకున్నాను. రంగు కలవకపోయినా రకం కలిస్తే చాలనుకున్నాను. నా ఆలోచన ఒకటే. ఏదో ఒకరోజు వాడు మా గడప ఎక్కుతాడు. అప్పుడు టీపెట్టె మూత తీసి ముందు పెడతాను. ఏదీ పోలేదు చూడు, అంతా ఉంది అని చెప్పాల్సిన పని కూడా ఉండదు. వాడు చూస్తే చాలు. పెట్టె నిండేదాకా నేను పిలవదలుచుకోలేదు. సగం పెట్టె చూపించి ఏం లాభం?

అట్లా ఏడేళ్లు పోయాయి. తొంభైలు వచ్చాయి. బజార్లలో పోత కార్లు కొత్త రకాలవి వచ్చాయి, పాతవి దొరకడం తగ్గింది. పాలవ్యాను ఒకటి, ఇంకో రెండు నాకు దొరకలేదు. వాటి కోసమే ఆగాను.

ఆ ఏడు జొన్న కోతలప్పుడు పున్నానికి అవ్వ మా ఇంటికి వచ్చింది. సంచిలోంచి టాక్సీ తీసి గూట్లో పెట్టింది. చూస్తే గుడ్డ పక్క కుట్టు రెండంగుళాలు విడిపోయి ఉంది. చక్రం బయటికి వచ్చింది. కుట్టకుండానే పంపాడు. ఆ మధ్యనే గంజిలో ఎవరో వాడి చేను ఎండిన సంగతి తీసి నవ్వారు. నేను నవ్వలేదు కాని అక్కడే ఉన్నాను. అది చేరి ఉంటుంది, వాడు మళ్లీ బిగుసుకున్నాడు అనుకున్నాను. సరే, కుట్టకపోతే కుట్టకపోనీ, ఈసారి నేనూ ఇరుసుల్లో నూనె వేయను అనుకున్నాను.

అవ్వ ఆ నెల సరిగ్గా తినలేదు. గోడ దిక్కు ముఖం పెట్టి కూర్చునేది. ఏమైందంటే, ఏం లేదు, బాగనే ఉన్న అనేది. నా భార్య, అత్తమ్మకు అక్కడ ఏదో అయ్యుంటది, అడుగు అంది. అడగొద్దని ఆమే చెప్పింది కదా అన్నాను. ఒకరోజు అవ్వ నన్ను చూసి, నువ్వు ఆ తలుపు ముంగటికెల్లి పోతుంటవా అంది. పోతుంటా అన్నాను. ఇంకేమన్నా అంటుందేమోనని నిలబడ్డాను. తమలపాకు ఈనె తీస్తూ కూర్చుంది. ఆమె అంతకంటే ఎక్కువ చెప్పలేకపోయిందని తర్వాత అర్థమైంది.

తమ్ముడికి కామెర్లు. నెల పైన అయింది. మనూర్ దిక్కు ఎవరి దగ్గరో పసరు తాగాడు, చేతికి వేరు కట్టించుకున్నాడు, ఉప్పు మానేశాడు. కళ్లు ఇంకా పచ్చబడ్డాయి. చేతులు వణికి సూదిలో దారం ఎక్కక మిషను మీద గుడ్డ కప్పేశాడు. పది అడుగుల దూరంలోనే ఉన్నా నేను ఆ తలుపు దిక్కు చూడటం మానేశాను; ఇది నాకు చెప్పింది గంజిలో హమాలీ. బస్తా దించి, చెమట తుడుచుకుంటూ, "మీ తమ్మున్ని రాత్రి జీపుల పట్నం దవాఖానకు తోల్కపోయిండ్రు. నీకెరుక లేదా?" అన్నాడు. ఎరుక ఉందన్నట్టు తల ఊపాను. కాంటా మీద ఎక్కించిన బస్తా ఎంత తూగిందో చూశాను కాని రాయలేకపోయాను.

ఆ మధ్యాహ్నం బస్సులో బయల్దేరాను. సంగారెడ్డి దాటి బస్సు మార్చి, దవాఖాన వెతుక్కుని చేరేసరికి వాడికి మాట పోయింది. మరదలు మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి కొంచెం జరిగింది. వాడు కళ్లు తెరిచి ఉన్నాడు కాని ఎవరినీ చూడటం లేదు. అరచేయి పట్టుకుంటే వేడిగా, పసుపు పూసినట్టు ఉంది. పాలవ్యాను దొరకలేదురా అని చెప్పాను. ఎందుకు అదే నోట్లోకి వచ్చిందో తెలియదు. మరునాడు పొద్దున పోయాడు. వాణ్ణి తీసుకుపోయిన జీపులోనే ఇంటికి తెచ్చాం.

మాట లేనివాళ్లయినా పాడె ముందు కొమ్ము అన్నదే. మోశాను.

పదకొండో రోజు అయిపోయాక మరదలు మా గడప ఎక్కింది. చేతుల్లో ఒక రేకుపెట్టె. మా ముందు పెట్టి, ఇవి నాకు ఏం తెల్వయి బావా, మా ఇంట్ల ముట్టేటోళ్లు లేరు, నీ దగ్గరనే పెట్టుకో అంది. ఆమె పోయాక మూత తీశాను. సంచులు. వాడి పాలుకు వెళ్లిన ముప్పై ఒకటి ఉంటాయనుకున్నాను. పైన వరుస తీస్తే కింద ఇంకో వరుస ఉంది. ఒక్కొక్కటి విప్పి నేల మీద పెట్టాను. నా పాలులో ఉన్న జీపు, నా పాలులో ఉన్న క్రేను, నా ఫైరింజను లాంటివే. వాడు కూడా లేనివి వెతుక్కుంటూ కొన్నాడు. ప్రతి సంచి మీదా దారంతో నంబరు. పాత నంబర్లే. పట్టీ వాడి దగ్గర లేదు, చూసి రాసుకునే వీలు లేదు. కుట్టిన చేతికి గుర్తున్నాయి. నలభై రెండు, నలభై మూడు మాత్రం తారుమారయ్యాయి.

నాకు దొరికినవి ఇరవై ఎనిమిది. వాడికి దొరికినవి ఇరవై తొమ్మిది. పాలవ్యాను పెళ్లికొడుకు ప్యాంటు సంచిలో అట్లాగే ఉంది. రెండు పెట్టెలు పక్కపక్కన పెడితే దాదాపు ప్రతి నంబరూ రెండేసి సార్లు వస్తోంది. పట్టీలో ఒక నంబరుకు ఒకటే వరుస. రెండోదాన్ని ఎక్కడ రాయాలో నాకు తెలియలేదు. రాయలేదు.

అవ్వ దర్వాజ దగ్గర కూర్చుని చూస్తోంది.

"నీకెరుకనే కదా," అన్నాను. "ఇద్దరి ఇండ్లల్ల ఉన్నయని."

"ఎరుకనే."

"ఒక్క మాట చెప్తె ఏమైతుండె అవ్వా?"

ఆమె దగ్గరగా ఉన్న సంచి ఒకటి తీసి నాడా ముడి వేసింది. తర్వాత అంది: "కార్ల ముచ్చట చెప్తె రేపు కూర ముచ్చట చెప్పాలె. కూర ముచ్చట చెప్తె కోపం ముచ్చట గూడ చెప్పాలె. ఏడ ఆగుత కొడుకా? ఆగరాకనే మా నాయినమ్మ ఇంట్ల నెత్తురు వారింది."

"కామెర్ల ముచ్చట?"

కొంగుతో ముఖం మూసుకుంది. నేను ఇంకోసారి అడగలేదు. ఆమె బతికినన్నాళ్లూ అడగలేదు.

రేకుపెట్టెను మరుసటి రోజు మరదలికి తిరిగి ఇచ్చేశాను. ఇది పాలు కాదు, పూర్తిగా వాడిది, ముట్టేవాళ్లు లేకపోయినా ఇంట్లో ఉండనీ అన్నాను. వేపాకు మార్చి, అడుగున తెల్లపొడి లేచినవాటిని తుడిచి ఇచ్చాను. తారుమారైన రెండు సంచుల్లోని కార్లను మాత్రం సరిచేయలేదు. వాడు పెట్టినట్టే ఉంచాను.

పున్నం వచ్చింది. ఇక ఎక్కడికి పోతావు, ఇక్కడే ఉండు అని నా భార్య అవ్వతో అంది. అవ్వ వినలేదు. రెండు చీరలు, తమలపాకుల డబ్బీ సర్దుకుంది. నేను టాక్సీ గూట్లోంచి తీసి ఇరుసుల్లో నూనె వేసి, తుడిచి ఇచ్చాను. ఆమె వీధిలోకి దిగి, గోడ పట్టుకుని నడిచి, ఆ తలుపులో ఎక్కింది. మరుసటి పున్నానికి తిరిగి వచ్చింది. కుట్టు విడిన చోటు ఇంకా పెరిగింది. టాక్సీ జారిపోకుండా అవ్వ సంచికి చుట్టూ పాత చీర పేలిక కట్టింది.

ఆ రోజు పట్టీ తీసి, మొదటి నంబరు వరుసలో, లోపాల గడిలో, వెనక తలుపు రంగు అని ఉన్నదాని పక్కన రాశాను: సంచి కుట్టు లేదు.